కాంటా దాటాక నీ వేగం

లక్కడ్‌కోట్‌లో మేనత్త ఇంట తలదాచుకున్న మారుతి అన్నకు, బాబుపేట్ నుంచి చెల్లెలు ఉజ్వల రాసేది. ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాం. నువ్వెలా ఉన్నావని అడగను. టిప్పర్‌తో అంజన్నను గుద్దిన నాటి నుంచి దొంగకు తేలు కుట్టినట్టు ఫోన్ ఆపేసి కూర్చున్నావు కదా.

నువ్వు మరాఠీలో రాసి పంపావు. నేను కావాలనే తెలుగులో రాస్తున్నాను. నీకు తెలుగు చదవడం రాదు కాబట్టి అక్కడ నీతో ఉన్న వదినే చదివి వినిపించాలి. ఆమెకూ అన్నీ తెలియాలి.

అమ్మ నీ గురించి ఏమంటోందని అడిగావు. "వాడొస్తే బువ్వ పెడ్త గని, వాని కోసం అబద్ధం ఆడ" అంది. కూరగాయల సైకిల్ మీద మన వీధుల్లో తిరిగిన అంజన్నకు మోకాలి కింద కాలు తీసేశారు. దాని గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. చదువుతుంటే ఒళ్లు మండింది.

ఇక నీ లెక్క. బొగ్గు గని గేటు నుంచి అంజన్నను గుద్దిన మలుపు దాకా ఉన్న దూరాన్ని, కెమెరాల ప్రకారం పట్టిన సమయంతో భాగించావు. గంటకు నలభై కిలోమీటర్లు వచ్చింది. అక్కడ బోర్డు మీద ఉన్న వేగ పరిమితీ నలభయ్యే కాబట్టి తప్పు నీది కాదట. ఫిజిక్స్ ట్యూషన్ చెప్పేదాన్ని గనక అది సరైన లెక్కేనని సంతకం పెట్టమన్నావు.

అది సగటు వేగం, అన్నా. నువ్వు గేటు దగ్గర ఆగి బయలుదేరావు. సగం దూరంలో రోడ్డు పక్కనున్న, బండ్లు తూచే కాంటా దాకా వేగం ఒకే తీరున పెంచుకుంటూ పోయి, ఆ తర్వాత అదే వేగంతో నడిపానని అత్త ఇంటికి పోయే ముందు పోలీసులకు నువ్వే చెప్పావు. సున్నా నుంచి పెరిగిన సగంలో నీ సగటు, చివరికి అందుకున్న వేగంలో సగమే. అంటే ఆ సగానికి రెండో సగం కంటే రెట్టింపు సమయం పట్టింది. మొత్తం మీద నలభై రావాలంటే కాంటా దాటాక నువ్వు అరవైలో ఉండాలి. బొగ్గు నిండిన టిప్పర్‌తో మలుపులోకి అరవైలో దూరావు.

ఇన్ని రోజులు మాట దాచాను. వదినా, ఇక్కడ గొంతు తగ్గించకుండా చదువు. అరవై వచ్చిన ఆ లెక్క మీద నేను సంతకం పెట్టాను. పెట్టి అంజన్న వకీలు చేతికిచ్చాను.

సోమవారం కోర్టులో నన్ను పిలుస్తారు. మారుతి నీకేమవుతాడని ముందు అడుగుతారు. సొంత అన్న అని చెప్తాను. ఆ తర్వాతే లెక్క చెప్తాను.

ఇట్లు,
నీ తోడబుట్టిన
ఉజ్వల