దోమల్ని మేపిన బాలమ్మ

ఆళ్లగడ్డ, సెప్టెంబరు

నంద్యాల దోమల ఆఫీసు సారుకు, ప్రభువు నామంలో బాలమ్మ వందనాలు.

ఫోను చేస్తే మీ ఆఫీసులో ఎవరూ ఎత్తరు. అందుకని కార్డు రాస్తున్నాను. వానలు మొదలయ్యేటప్పుడు మీ మనుషులొచ్చి మా నాపరాళ్ల తొట్టిలో, దోమపిల్లల్ని తినే చేపలు గుప్పెడు వదిలారు. నెల తిరిగేసరికి చేపలతో తొట్టి నిండిపోయింది. చాలా సంతోషం. ఇప్పుడు మాత్రం పెరగడం లేదు. పొద్దున కనపడిన చేపపిల్లలు సాయంత్రానికి మాయం! పక్కింటి ఈశ్వరి పిల్లి మీద నాకు అనుమానం. విచారణ చేయించగలరు.

ఇట్లు, తొట్టి యజమానురాలు బాలమ్మ.

తా.క.: పిల్లిని గట్టిగా తిట్టాను. అది ఊరుకుంది గాని ఈశ్వరి ఊరుకోలేదు. మా ఇద్దరికీ మాటల్లేవు.

నంద్యాల, సెప్టెంబరు

బాలమ్మ గారికి నమస్కారం.

మీ ఫిర్యాదు పరిశీలించాము. పిల్లి నిర్దోషి. తొట్టిలో చోటెంతో, మేతెంతో, చేపలూ అంతే. అంతకు మించి పుడితే పెద్ద చేపలే పిల్లల్ని మింగేస్తాయి. మీ తొట్టిలో దోమపిల్లలు అయిపోయాయన్నమాట. అంటే మా పథకం గెలిచింది. ఒంటి చేపను వేస్తే ఎక్కడా పెరగదు. ఆడామగా రెండూ ఉండబట్టే మీకు ఇంత సంతానం. సందేహాలుంటే తప్పక రాయండి.

ఇట్లు, దోమల నివారణ తరఫున దాసరయ్య.

తా.క.: సందేహాలు లేకపోయినా రాయవచ్చు. ఆఫీసులో జాబులు తప్పిపోతున్నాయి కాబట్టి కింద నా గది చిరునామా ఇచ్చాను.

ఆళ్లగడ్డ, అక్టోబరు

దాసరయ్య సారుకు బాలమ్మ వందనాలు.

కన్నవాటినే తింటాయని చదివాక నాకు అన్నం సహించలేదు. మేత చాలకనే కదా ఈ పాపం! అందుకని పెరట్లో నీళ్ల డ్రమ్ములకు మూతలు తీసి దోమల్ని పెంచుతున్నాను. టీ జల్లెడతో దోమపిల్లల్ని తోడి పూటపూటా తొట్టిలో వేస్తున్నాను. చేపలు బాగున్నాయి. వీధి బాగాలేదు. నిన్న ఈశ్వరి గోడ మీంచి అరిచింది: "ఏందత్తా, మతి పోయిందా నీకు? మా పిల్లోల్లు తెల్లార్లూ గోక్కుంటాండారు!" చాలా రోజులకు ఒక మనిషి నాతో మాట్లాడింది సారూ. తిట్టినా బాగుంది.

ఇట్లు, చేపల క్షేమం కోరే బాలమ్మ.

తా.క.: బుధవారం ప్రార్థన మా ఇంట్లో పెట్టారు. పాట లేకుండానే అందరూ చప్పట్లు కొడుతుంటే, ఆత్మ దిగిందని పాస్టరుగారు మురిసిపోయారు.

నంద్యాల, అక్టోబరు

బాలమ్మ గారికి తుది హెచ్చరిక.

ఇదేమిటమ్మా! దోమల్ని చంపమని ప్రభుత్వం చేపలిస్తే, చేపల కోసం దోమల్ని మేపుతారా? నా సర్వీసులో ఇలాంటి కేసు చూడలేదు. డ్రమ్ములు వెంటనే వంచేయండి. సగం చేపల్ని వీధిలో పంచండి. లేకుంటే అన్నిటినీ స్వాధీనం చేసుకుంటాము.

ఇట్లు, కఠినంగా, దాసరయ్య.

తా.క.: చెయ్యి పెడితే అవి దగ్గరకు వస్తాయా? వివరంగా రాయండి. రికార్డుకు కావాలి.

ఆళ్లగడ్డ, నవంబరు

దాసరయ్య గారికి,

కార్డు చాలదని ఈసారి కవరే రాస్తున్నాను. స్వాధీనం అంటే ఎట్లా సారూ! అది మా ఆయన సామ్యేలు కట్టిన తొట్టి. ఆయన పోయాక ఈ ఇంట్లోకి నేను వస్తే ఎదురొచ్చేవి ఆ చేపలే. వస్తాయి సారూ, వేళ్ల సందుల్లోకి వస్తాయి. రాసుకోండి రికార్డులో.

డ్రమ్ములు వంచేశాను. ఇంటింటికీ చేపలు పంచాను. ఇప్పుడు "అత్తా, మా చేప ఒక మూలకే ఉంటాంది, వచ్చి చూడు" అని ఒకటే పిలుపులు. ఈశ్వరి అయితే కాఫీ ఇచ్చి మరీ అడుగుతోంది.

మిగిలినవాటిని వదిలేయమని బతిమాలుకుందామని, సీసాలో రెండు చేపలు పట్టుకుని నంద్యాల బస్సెక్కాను. ఆఫీసులో లావణ్య అనే అమ్మాయి నవ్వింది. "దాసరయ్య సారా? జూలైలోనే రిటైరయినాడు గదమ్మా! పెన్షను కాగితాలకు వచ్చినప్పుడు నీ కార్డు ఈడ పడుంటే, నేను చూసుకుంటాలే అని ఎత్తుకపోయినాడు. చేపల్ని ఎవరు స్వాధీనం చేసుకుంటారు?"

మిమ్మల్ని కడిగేద్దామని మీ గదికి వచ్చాను. తాళం. కిటికీలోంచి చూస్తే ఒక కంచం, ఒక గ్లాసు, గోడకు పక్కపక్కనే అంటించిన నా రెండు కార్డులు. తిట్టడానికి వచ్చినదాన్ని, అరుగు మీద కూర్చుని ఏడ్చాను.

ఇక బెదిరింపులు చాలు. చేపలున్న ఇళ్లన్నీ తిరిగి చూడడం నా ఒక్కదాని వల్ల కాదు. ఆదివారం చర్చి విడిచాక తనిఖీకి రండి, భోజనం మా ఇంట్లో. ఇది ఆర్డరు.

ఇట్లు, మీ పై అధికారి బాలమ్మ.

తా.క.: సీసా మీ ఇంటి ఓనరమ్మకు ఇచ్చి వచ్చాను. ఆడదాన్నీ మగదాన్నీ కలిపే వేశాను. ఒంటిది ఎక్కడా పెరగదని మీరే రాశారు కదా.