రెండో గడి

నవంబర్ 14, శుక్రవారం
మధ్యాహ్నం, లాండ్రీ గది బల్ల మీద

చిరంజీవి పిచ్చుకకు,

అక్క ముందు దీవించి, తర్వాత తిట్టి, ఓపికుంటే మళ్లీ దీవించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అంటే బతికే ఉన్నాం. ఆసుపత్రిలో పెద్ద ఇస్త్రీ యంత్రం పాడై మూడు రోజులైంది. వార్డుల దుప్పట్లన్నీ చేత్తోనే మడతపెడుతున్నాం. నా కింద పనిచేసే ఇద్దరిలో ఒకామె సెలవు, ఇంకొకామె ఉన్నా లేనట్టే. నా నడుం నాది కాదన్నట్టుంది. మీ బావ తన మోకాళ్లు పట్టుకుని మూలుగుతూనే నా నడుం మీద జోకులేస్తున్నారు.

నేను ఫోన్ ఎత్తడం లేదని అలిగావట. ఎత్తి ఏం చెప్పను? నువ్వు అడిగేది ఒక్కటే, హామీ పత్రం పంపావా అని. నేను చెప్పేదీ ఒక్కటే, మీ బావ ఇంకా ఆలోచిస్తున్నారు, కాస్త ఆగు అని. ఏడు నెలలుగా ఇదే పాట. నీకు విసుగొచ్చింది, నాకూ వచ్చింది.

నీ అవస్థ నాకు తెలియనిది కాదు. లైబ్రరీ గోడ మీద దత్తత ఆఫీసు పోస్టర్ చూసి, వాళ్ల సమావేశానికి ఊరికే విని వద్దామని వెళ్లారు. ఊరికే వినడానికి వెళ్లినవాళ్లు మూడేళ్లుగా కాళ్లరిగేలా తిరుగుతున్నారు. ప్రతి శనివారం తరగతులు, ఇద్దరికీ వైద్య పరీక్షలు, పోలీసుల కాగితం. ఆఫీసరమ్మ మిమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టి, గొడవపడితే ఏం చేస్తారని అడిగితే, నువ్వు రెండు రోజులు మాట్లాడనన్నావట. మరిదేమో ఆ రెండు రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉంటుందన్నాడట. అది విని దుప్పట్ల మధ్య కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆమె వస్తోందని ఇల్లు అద్దంలా తుడిచిపెడితే, మరి పిల్ల బొమ్మలు ఎక్కడ పారేసుకోవాలి అని అడిగిందన్నావు. తర్వాతిసారి నువ్వు పనిగట్టుకుని ఇల్లంతా చిందరవందర చేశావని మరిది నాకు చెప్పేశాడులే.

అన్నీ దాటి ఈ ఒక్క కాగితం దగ్గర బండి ఆగింది. మీ ఇద్దరికీ జరగరానిది జరిగితే ఆ పిల్లను ఎవరు పెంచుతారో వాళ్లు సంతకం పెట్టివ్వాలి. మరిదికి నా అన్నవాళ్లు లేరు. స్నేహితురాలైనా పరవాలేదని ఆఫీసరమ్మ అంటే, మా అక్క తప్ప ఎవరూ వద్దని నువ్వే భీష్మించుక్కూర్చున్నావు. ఇరవై ఎనిమిదిన కమిటీ కూర్చుంటుంది. అప్పటికి కాగితం అందకపోతే ఫైలు మూసేస్తారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేసరికి నీకు వయసు దాటిపోతుంది. ఇవన్నీ నువ్వు ఎన్నిసార్లు చెప్పావంటే, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను.

పోయిన వారం ఆఫీసరమ్మ నన్ను చూడటానికి ఇంటికొచ్చింది. చిన్నప్పుడు నువ్వెలా ఉండేదానివని అడిగింది. ఎప్పుడూ ఒక చెప్పు పోగొట్టుకుని వచ్చేదనీ, జ్వరమొస్తే నా జడ పట్టుకుంటే తప్ప పడుకునేది కాదనీ చెప్పాను. అమ్మ పోయేనాటికి నీకు రెండేళ్లు, నాకు పదిహేను అని కూడా చెప్పాను. ఆమె రాసుకుంది. పిల్ల మీ ఇంటికొచ్చాక రెండేళ్లపాటు నెలనెలా వచ్చి చూస్తామంది. కొత్త తల్లులు కలిసి కూర్చుని మాట్లాడుకోవడానికి, ఏడుపొస్తే ఏడవడానికి కూడా ఒక గుంపు ఉందట. ఆ రోజుల్లో నాకూ అలాంటిదొకటి ఉంటే బాగుండేదనిపించింది.

సరే, కాగితం ఇందులోనే పెట్టాను. సంతకాలు రెండూ ఉన్నాయి. రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను, సోమవారానికల్లా అందుతుంది. అందగానే ఎగిరి గంతేయకు, ముందు పట్టుకెళ్లి ఆఫీసులో ఇవ్వు. పిల్ల గదికి ముదురు రంగులు వేయించకండి, మధ్యాహ్నమే చీకటి పడ్డట్టుంటుంది. మరిదిని అడిగానని చెప్పు.

ఇట్లు,
ఒళ్లు హూనమైన
నీ అక్క

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. మీ బావ ఆలోచించారన్నది పచ్చి అబద్ధం. కాగితం వచ్చిన రోజే, పని నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా సంతకం పెట్టేశారు. ఏడు నెలలు ఆగింది నేను. ఆయన్ని అడ్డం పెట్టుకున్నాను.

ఆ కాగితంలో రెండు గడులున్నాయి, చూడు. సమ్మతమే అని ఒకటి, సమ్మతం కాదు అని ఇంకొకటి. నేను రెండో గడిలో టిక్కు పెట్టాను. పెట్టి, రెండు రోజులు దాచుకుని, చించేశాను. పోయిన వారం ఇంటికొచ్చినప్పుడు, నీళ్లలో తడిసిందని చెప్పి ఆఫీసరమ్మను ఇంకో కాగితం అడిగాను. నా మొహం చూస్తే ఆమెకు తెలిసిపోయినట్టుంది. మీకు వద్దనిపిస్తే వద్దనే పెట్టండమ్మా, ఎందుకన్నది మీ చెల్లెలికి చెప్పం అంది. ఒకవేళ సరేనంటే మీకు ఏం సాయం కావాలి అని కూడా అడిగింది. ఆదివారాలు మాత్రం ఏ బాధ్యతా లేకుండా నాకు వదిలేయాలండీ అన్నాను. ఆమె నవ్వలేదు. అలాగే రాసుకుంది. కొత్త కాగితం మీద మీ బావ మళ్లీ సంతకం పెట్టారు.

అమ్మ పోయిన వారానికి మేనత్త నిద్రపోతున్న నిన్ను తెచ్చి నా ఒళ్లో పడుకోబెట్టి, బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. నాన్న చూసి లోపలికి వెళ్లిపోయారు. మర్నాటి నుంచి నేను బడికి వెళ్లలేదు. నిన్ను పెంచుతావా అని ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ నన్ను ఎవరూ అడగలేదు. నలభై ఏళ్ల తర్వాత మొదటిసారి అడిగింది ఈ కాగితమే. అడిగేసరికి, వద్దని చెప్పాలని ఎంత ఆశ పుట్టిందో నీకు ఎలా చెప్పను? చెల్లీ, నిన్ను ప్రేమగానే పెంచాను, అందులో అనుమానం పెట్టుకోకు. కానీ ఒప్పుకుని పెంచలేదు. రెండూ ఒకటే అనుకుంటూ ఇన్నాళ్లు బతికేశాను.

రాబోయేదాన్ని మాత్రం ఒప్పుకున్నాను. భయపడి, వద్దని, చించేసి, మళ్లీ అడిగి తెచ్చుకుని ఒప్పుకున్నాను. అది పెద్దదయ్యాక ఈ ఉత్తరం దానికి చూపించు.