విమానం వెనక నిలబడే మనిషి

ఆర్డిత్‌కు, నేను బాగానే ఉన్నాను. దెబ్బ తగిలింది బొమ్మ విమానానికే.

ముప్పాతిక తయారుగా పెట్టెలో వచ్చిన విమానం కదా, ఇండియానాలో ఈ బొమ్మ విమానాల మేళా మైదానానికి వచ్చిన రెండు రోజుల్లోనే రెక్కలు అతికించి మోటారు బిగించాను. మంగళవారం ఎగరేశాను. రేడియో మీట కుడికి నెడితే అది ఎడమకు ఒరిగి సోయా చేలో పడింది. విమానాన్ని ఒరిగించే రెక్కల అంచు పలకలు మీటకు ఎదురుగా కదులుతున్నాయని నేను చూసుకోలేదు. ముప్పై ఏళ్లుగా నేను మీట కదిపితే విమానం వెనక నిలబడి పలకలు చూసి "కుడి సరే, ఎడమ సరే" అని కేకేసేదానివి నువ్వే.

ఏటా ఇక్కడికి వచ్చే మెర్ల్ అందరి ముందూ, "ఏమోయ్ లైల్, పెళ్లాం పక్కన లేకపోతే నీ కుడిచెయ్యేదో నీకు తెలియదా?" అని నవ్వాడు.

"తెలియదురా, ఏం చేయమంటావు?" అన్నాను. వాడు మళ్లీ నవ్వలేదు.

విరిగిన ముక్కు అతికించాను. నువ్వు ఇంట్లో ఉండిపోయి చూసుకుంటున్న మీ అక్కకు దగ్గు తగ్గిందా? కుక్కకు మాత్ర వేస్తున్నావా? టమాటాలు కుళ్లబెట్టకుండా పక్కింటికి ఇచ్చెయ్.

అక్క లేచి తిరుగుతుంటే వచ్చే శుక్రవారం బస్సెక్కు. రాలేకపోతే విమానాన్ని పెట్టెలో పెట్టి ఇంటికి తెస్తాను. ఇక్కడ ఇంకెవరినీ విమానం వెనక నిలబడమని అడగను.

దేవుడు మీ ఇద్దరినీ చల్లగా చూడాలి.

లైల్