అట్టడుగున చేప

సోమవారం

ప్రియమైన టీచరమ్మకు,

అక్కా అని మొదలుపెడదామనుకున్నాను, చెయ్యి రాలేదు. ఫోన్ చేస్తే రెండో మాటకే ఇద్దరం అరుచుకుంటాం కాబట్టి కాగితం పట్టుకున్నాను. మీ మరదలి బస్సు ఎలాగూ మీ బడి ముందు ఆగుతుంది, తనకే ఇచ్చి పంపిస్తున్నాను. "మీ అక్కాతమ్ముళ్ళ ఉత్తరాలకి కూడా టికెట్టు కొడతా" అంది కండక్టరమ్మ.

నిన్న షెడ్డులో మూడు కార్లు వరసలో ఉన్నాయి. నా కూతురు ఉడత ఒక స్టూలు లాక్కొచ్చి, ఒళ్ళో పలక పెట్టుకుని, నా పైపుకి ఎదురుగా కూర్చుంది. నేను నీళ్ళు వదిలినప్పుడల్లా ఒక గీత గీసింది. గీతలన్నీ అయ్యాక లేచి, కారు ఆసామి దగ్గరికి వెళ్ళి, "అంకుల్, మీ కారు మీద పోసిన నీళ్ళు మా క్లాసందరం వారం రోజులు తాగొచ్చు, తెలుసా?" అని అడిగింది. ఆయన పకపకా నవ్వాడు. వెనకున్న ఆయన మాత్రం నవ్వలేదు, బండి వెనక్కి తిప్పుకుని పోయాడు.

ఎవరు నేర్పారే అంటే అత్త నేర్పిందంట. క్లాసు గోడకి నీలం కాగితం అంటించి, పిల్లకో కాగితం చేప చేసి పెట్టావట. ఇంట్లో ఎవరు నీళ్ళు పొదుపు చేస్తే వాళ్ళ చేప పైకి, పారబోస్తే కిందికి. కార్లు కడిగేవాడి కూతురి చేప ఎక్కడుంటుందో వేరే చెప్పాలా? చెత్తబుట్ట పక్కన, అట్టడుగున ఉందట. ఆరేళ్ళ పిల్లకి కన్నతండ్రిని దొంగలా చూపించడమేనా మీ బడిలో భూమి గురించి చెప్పే పాఠం?

ఆ గోడ రేపటికల్లా ఖాళీ కావాలి.

ఇట్లు,
నీ తమ్ముడు (అవునో కాదో నువ్వే తేల్చు)

మంగళవారం

ప్రియమైన తమ్ముడికి,

నాకు చెయ్యి వచ్చింది, చూశావా.

ఉడత చేపని నేను కిందికి దించలేదు. ఏ పిల్ల ఇంటి సంగతి ఆ పిల్లే చెబుతుంది, చేపని ఆ పిల్లే జరుపుకుంటుంది. మొదటి రోజు అందరూ గొప్పలు చెప్పారు. నీ కూతురు ఒక్కతే లేచి, "మా నాన్న ఫోన్ మాట్లాడుతుంటే పైపు కింద పారుతూనే ఉంటుంది" అని నిజం చెప్పి, తన చేపని తానే తీసుకెళ్ళి అడుగున అంటించింది. నాకు గర్వంగా అనిపించింది. నీకు సిగ్గుగా అనిపిస్తే ఆ సిగ్గు నీది.

నీ వీధిలో కుళాయికి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. నీ షెడ్డు ముందు కాలువ మాత్రం ఏ రోజూ ఎండదు. చిన్నప్పుడూ అంతే, నువ్వు స్నానానికి వెళితే మిగిలినవాళ్ళం చెంబులు పట్టుకుని క్యూ కట్టేవాళ్ళం. ఇవాళ నీ కూతురు పలక మీద రాస్తే రోషం పొడుచుకొచ్చిందా?

గోడ తియ్యను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

నీ అక్క

శనివారం

ప్రియమైన మహాజ్ఞానికి,

నీ గర్వం నాకెంత పనిచేసిందో చెబుతాను. గురువారం ఒక వ్యాను మొత్తానికి సబ్బు పట్టించి పైపు తిప్పితే చుక్క రాలేదు. చూస్తే నీ శిష్యురాలు గేటు వాల్వు కట్టేసి, దాన్ని రెండు చేతులతో వాటేసుకుని ఏడుస్తోంది. "చాలు నాన్నా, చాలు" అంటుంది. ఎండకి సబ్బు అట్టగట్టింది. డ్రైవరు నన్ను నానా మాటలూ అన్నాడు. ఏదో ఒక మాట చెప్పి, నవ్వించి, దాన్ని లోపలికి పంపేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

స్నానానికి రానంటోంది. పళ్ళు తోముకుంటే పుక్కిలించనంటోంది. నిన్న మీ మరదలు బియ్యం కడిగితే, ఆ నీళ్ళని గిన్నెలో పట్టుకుని ఇల్లంతా తిరిగింది, ఎవరికివ్వాలో తెలియక. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. నీకు గోడ మీద బొమ్మలు, మాకు ఇంట్లో రోజూ ఏడుపులు.

సముద్రాలూ మంచుకొండలూ అంటూ భూగోళం బరువంతా ఆరేళ్ళ పిల్ల నెత్తిన పెట్టడానికి నీకు మనసెలా వచ్చింది? నీకు పిల్లలు లేరు, నీకేం తెలుస్తుంది అని రాయబోయి ఆగాను. ఆగానని తెలియాలనే రాస్తున్నాను.

నీ తమ్ముడు

బుధవారం

ప్రియమైన తమ్ముడికి,

ఆగకుండా రాసెయ్యాల్సింది. అంత విషం కడుపులో పెట్టుకుని బతికేకన్నా అదే నయం.

నాకు పిల్లలు లేరు. ముప్ఫై ఒక్కమంది ఉన్నారు. నువ్వు రోజూ కార్లకి తలంటు పోస్తుంటే, వాళ్ళు పెద్దయ్యాక ఏం తాగాలో ఆలోచించే మనిషి ఒకరైనా ఉండాలి కదా. నువ్వు ఆలోచించవు. నీకు బుర్ర ఉండాల్సిన చోట పైపు మూతి ఉంది. నీతో వాదించడమంటే గోడకి చెప్పుకోవడమే. ఆ గోడైనా నయం, నీలం కాగితం అంటిస్తే అంటించుకుంది. స్నానం సంగతి అంటావా, నువ్వు సరిగ్గా కూర్చోబెట్టి చెబితే వింటుంది. కసరడం తప్ప నీకేం వచ్చు? నాన్న పెద్ద గొంతు నీకొచ్చింది, ఆయన ఓపిక మాత్రం రాలేదు.

ఇంకో మాట. ఉడత మంచినీళ్ళ సీసా పొద్దున ఎంత నిండుగా వస్తోందో సాయంత్రం అంతే నిండుగా తిరిగి వెళుతోంది. మూడు రోజుల నుంచి చూస్తున్నాను. దాహం వెయ్యలేదు టీచర్ అంటోంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. బాత్రూముకి కూడా వెళ్ళడం లేదు. ఇంట్లో తాగుతోందా, లేదా? చూసి చెప్పు.

నీ అక్క

ఆదివారం

టీచరుకి,

ప్రియమైన అనే మాట ఈసారి రాయడం లేదు.

ఉడత ఆసుపత్రిలో ఉంది. శుక్రవారం సాయంత్రం చలిజ్వరం వచ్చింది, మూత్రంలో మంటని చెప్పలేక మెలికలు తిరిగిపోయింది. మీ మరదలు డ్యూటీ మధ్యలో బస్సు దిగి పరిగెత్తుకొచ్చింది. ఇన్ఫెక్షన్ అన్నారు. సెలైన్ పెట్టారు. దాని చెయ్యి నా బొటనవేలంత ఉంది, సూదికి నరం దొరకలేదు, మూడుసార్లు పొడిచారు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఈ పిల్ల రోజుల తరబడి నీళ్ళు తాగలేదు. మీరెవరూ చూడలేదా?" అని అడిగింది.

నీ చేప తాగనివ్వలేదు నా బిడ్డని. అడుగున ఉన్న చేపని పైకి తేవాలని తన గొంతు ఎండబెట్టుకుంది. ఆసుపత్రి కాగితం జతచేసి మీ హెడ్మాస్టరుకి ఫిర్యాదు రాసిచ్చాను. నిన్ను పసిపిల్లల దగ్గర ఉంచకూడదని రాశాను. రాసిన ప్రతి అక్షరం నేనే రాశాను, ఎవరూ చెప్పలేదు.

మా గుమ్మం తొక్కకు. ఆసుపత్రికీ రాకు.

ఉడత తండ్రి

శుక్రవారం

ఉడత తండ్రికి,

నీ ఫిర్యాదు ఫలించింది. నన్ను క్లాసు నుంచి తీసేశారు. చాకుపీసు డబ్బాల గదిలో కూర్చుని పాత పుస్తకాలకి అట్టలేస్తున్నాను. చేపల్ని హెడ్మాస్టరే పీకేశారు. పిల్లలు చూస్తుండగా పీకారు. సంతోషమేనా?

ఒక తప్పు ఒప్పుకుంటాను, నువ్వు అడిగావని కాదు. పిల్లల్ని ఇళ్ళ లెక్కన పైనా కిందా పెట్టకూడదు. కుళాయి తిప్పేది పెద్దవాళ్ళు, సిగ్గుపడాల్సింది ఆరేళ్ళవాళ్ళా? ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పినదాన్ని, నాకు తట్టలేదు. రోజూ ఆ పిల్ల ముఖం చూస్తూనే ఉన్నాను, అయినా తట్టలేదు.

కానీ బుధవారం నేను రాసిన ఉత్తరం సగం చదివి చించేశావట, మరదలు చెప్పింది. ఆ రెండో సగంలో సీసా సంగతి ఉంది. ఇంట్లో నీళ్ళు తాగుతోందా అని అడిగాను. నువ్వు చదివుంటే రెండు రోజులు ముందే తెలిసేది. తిట్లు ముందు రాసి అసలు సంగతి చివర రాసిన నా బుద్ధి కూడా అంతే. మరదలి చేతిలో ఉత్తరం పెట్టేబదులు నోటితో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. నీ మీద పంతంతో ఆమె ముఖం కూడా చూడకుండా కవరిచ్చి వచ్చేశాను. చెరువు మీద అలిగినవాడి సామెత నీకు తెలుసు, టీచర్ని కాబట్టి పూర్తిగా రాయను.

నీ మీద నాకు అసహ్యంగా ఉంది. ఇక ఉత్తరాలు రాయకు.

అత్త

బుధవారం, పన్నెండు రోజుల తర్వాత

అక్కా,

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటావు. అను. పడతాను.

ఉడత ఇంటికొచ్చి వారమైంది. బడిలో చేపలు లేవు, నువ్వూ లేవు. ఇక తాగుతుందిలే అనుకున్నాను. మంచినీళ్ళు ముట్టడం లేదు, కాసిని పాలూ మజ్జిగా మీదే నెట్టుకొస్తున్నాం. మీ మరదలు సెలవు పెట్టి చెంచాతో నీళ్ళు పడుతోంది, బుగ్గన పెట్టుకుని ఉమ్మేస్తోంది. ఇలాగైతే మళ్ళీ చేర్చాలి అంది డాక్టరు.

నిన్న మధ్యాహ్నం నేను ఓర్చుకోలేక అరిచాను. "చేపల్లేవు కదే! ఇంకా ఎందుకు తాగవు?" అన్నాను. అది నా ముఖంలోకి చూసి, రహస్యం చెప్పినట్టు మెల్లగా, "మనం అనుకున్నాం కదా నాన్నా" అంది.

నాకు ముందు గుర్తే రాలేదక్కా. తర్వాత గుర్తొచ్చింది. వ్యాను మీద సబ్బు ఎండిపోయిన రోజు, దాన్ని వాల్వు దగ్గర్నుంచి కదిలించడానికి నేనే అన్నాను. "సరే, బేరం! నీ వాటా నీళ్ళు నువ్వు తాగడం మానెయ్యి. ఆ నీళ్ళతో నేను కార్లు కడుక్కుంటా. అప్పుడు దొంగతనం అవదుగా?" అని చేతిలో చెయ్యి కూడా వేయించుకున్నాను. అది కన్నీళ్ళు తుడుచుకుని నవ్వింది. నా తెలివికి నేనే మురిసిపోయి పైపు తిప్పాను.

అది ఆ రోజు నుంచి మాట నిలబెట్టుకుంటోంది. చేప కోసం కాదు. నన్ను ఎవరూ దొంగ అనకూడదని. ఆసుపత్రిలో సెలైన్ సీసా చూపించి, "ఈ నీళ్ళు ఎవరి వాటా?" అని నర్సుని అడిగింది. నర్సు నవ్వింది. పక్కనే కూర్చుని నేనూ నవ్వాను.

తమాషాకి అన్నానే తల్లీ అని చెప్పాను, కాళ్ళు పట్టుకుని చెప్పాను. "నాకు జ్వరం వచ్చిందని అలా అంటున్నావు. నేను తాగితే నీకు కార్లు ఉండవు" అంది. వాళ్ళమ్మ చెప్పినా అదే మాట. "అత్తనడుగు. అత్తకే నీళ్ళ సంగతి తెలుసు" అంటోంది.

ఇవాళ పొద్దున హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంటే, కారణం రాసివ్వమన్నారు. "నా కూతుర్ని నీళ్ళు తాగొద్దన్నది నేనే, వాళ్ళ టీచరు కాదు" అని రాసిచ్చాను. ఆయన దాన్ని మిగతా టీచర్ల ముందు పైకి చదివారు. నిలబడి విన్నాను. నిన్ను క్లాసుకి ఎప్పుడు పంపుతారో మాత్రం చెప్పలేదు. మీ మరదలు సెలవులో ఉంది కాబట్టి, ఈ కాగితం మీ బడి వరండాలోనే రాసి అటెండరు చేతికిస్తున్నాను.

నీ చేపల గోడ మీద నా కోపం పోలేదు. అది లేకపోతే ఆ బేరం పుట్టేది కాదు. కానీ అక్కా, నా మాట అది నమ్మడం లేదు. నీ మాట నమ్ముతుంది. గుమ్మం తొక్కొద్దన్న నేనే అడుగుతున్నాను, రా.

తమ్ముడు

అదే రోజు

ప్రియమైన తమ్ముడికి,

ఈ ఉత్తరం ఎవరి చేతికీ ఇవ్వలేదు, నేనే పట్టుకొచ్చాను. నీతో మాట్లాడే ఓపిక నాకు లేదు, అందుకే బస్సులో కూర్చుని రాశాను. అక్షరాలు వంకరగా ఉంటే తిట్టుకుంటూ చదువు. నువ్వు గుమ్మంలో నిలబడి ఇది చదివేలోపు నేను లోపల దాని పక్కన కూర్చుని ఉంటాను.

దానికి చెప్పాల్సింది దారిలో అనుకున్నాను. తాగే నీళ్ళలో వాటాలు లేవని చెబుతాను. నీళ్ళు కాపాడే పని పెద్దవాళ్ళదని, దాని పని తాగడం, ఎదగడం అని చెబుతాను. ఇది ముప్ఫై ఒక్కమందికీ మొదటి రోజే చెప్పాల్సిన పాఠం. చెప్పకుండా గోడకి చేపలంటించాను.

కానీ నా మాట ఒక్కటీ సరిపోదు. అది నీకు చెయ్యేసి మాటిచ్చింది. ఆ బేరం రద్దయిందని నువ్వు నోటితో చెబితే నమ్మదు, కళ్ళతో చూడాలి. కాబట్టి ఇది చదివాక లోపలికి రాకు. నీ కన్నీళ్ళు నాకు అక్కర్లేదు, దానికీ అక్కర్లేదు. షెడ్డులోకి వెళ్ళి, పైపు చుట్టి మూల పడేసి, ఒక కారు బకెట్టూ గుడ్డా పెట్టి కడుగు. అది గ్లాసు పట్టుకుని, నేను దాని పక్కన కూర్చుని, కిటికీలోంచి చూస్తుంటాం.

రెండు బకెట్లు. మూడోదానికి వెళ్ళావో, ఇక్కడి నుంచే అరుస్తాను.

అక్క