దుప్పటి రెండో కొస

అక్కా,

నాకు సేవ చేయడానికి ఇంకో నెల సెలవు పెట్టి వస్తానన్నావు. కోప్పడకు, అందుకైతే రావద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

లాండ్రీలో తడి దుప్పట్ల తొట్టి ఎత్తుతుంటే నడుము పట్టేసి నాలుగు నెలలైంది. మెల్లగా నడక మొదలుపెట్టమని డాక్టర్ చెప్పిన మాట మనలో ఎవరూ చెవిన పెట్టలేదు. మంచం దిగితే నువ్వు అరిచావు, వంగితే మీ మరిది అరిచాడు. కాళ్ళు సన్నబడ్డాయి. చివరికి దగ్గాలన్నా భయం పట్టుకుంది. సూపర్‌వైజరేమో "నొప్పి పూర్తిగా పోయాకే రామ్మా" అన్నాడు.

మొన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు వాన వచ్చింది. పరుగెత్తి తీగ మీది బట్టలన్నీ లాగేశాను. లోపలికొచ్చాక గుర్తొచ్చింది, నాకొక నడుముందని! నొప్పి ఉంది, కానీ ఏమీ విరగలేదు.

నిన్న నడుచుకుంటూ లాండ్రీకి వెళ్ళాను. నాతో దుప్పట్లు మడిచే పెద్దావిడ రెండో కొసను కిటికీ ఊచకు కట్టి ఒక్కతే మడుస్తోంది. "నువ్వు పోయాక ఈ ఊచతోనే నా కాపురం" అంది. తిన్నగా సూపర్‌వైజర్ దగ్గరికెళ్ళి, "తొట్లు ఎత్తను, ఒంటిపూట మడత పని చేస్తాను. నొప్పి పోయాక నేను రావడం కాదు, అదీ నాతోపాటే వస్తుంది" అన్నాను. గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. సోమవారం నుంచి వెళ్తున్నాను.

నీ ప్రేమకు వంక పెట్టడం లేదక్కా. చూడాలనిపిస్తే చుట్టపుచూపుగా రా. కానీ నా చేతిలోంచి చెంచా జారి కింద పడితే, నువ్వు లేవకు. నేనే తీసుకుంటాను.

నీ చెల్లెలు