రోకలి పట్టిన మొగుడు

కుమాసి, ఘానా, మార్చి 4

చక్కెర జబ్బు క్లినిక్ సిస్టర్ నిమాకో గారికి,

నేను అదూసె భార్య అఫ్రాకోమాని. జనవరిలో మీ దగ్గర చేరినప్పుడు ఆయన నడుము నలభై ఆరు అంగుళాలు. నిన్న టేపు పెడితే నలభై మూడు. సాయంత్రం చెమటతో, ఈల వేసుకుంటూ వస్తున్నారు. బజారులో ఆడవాళ్లు "అన్నం పెట్టడం మానేశావా ఏంటమ్మా?" అంటున్నారు. ఏం చేస్తున్నారు మా ఆయన్ని?

ఇట్లు,
అఫ్రాకోమా

తా.క. అరవై ఏళ్ల మనిషికి ఈల ఎందుకండీ?

---

మార్చి 9

అమ్మగారికి నమస్కారం.

వయసుతో కండ కరుగుతుంది, మిగిలిన దాంట్లో కొవ్వు చేరుతుంది. రక్తంలో చక్కెరను తినేవాళ్లుండరు. బరువు పని చెబితే ఆ కండే మళ్లీ చక్కెర తింటుంది. అందుకే వారానికి నాలుగు సాయంత్రాలు ఉడికించిన కర్రపెండలం రోట్లో వేసి ఫుఫు ముద్ద దంచమన్నాం. ఆయన ఒక్కరోజూ మానలేదు. అభినందనలు!

మీ నిమాకో

తా.క. రోకలి దెబ్బల మధ్య మీరు నవ్వుతూ చేత్తో ముద్ద తిప్పుతారటగా. ఎంత అదృష్టవంతుడు!

---

మార్చి 12

సిస్టర్,

ముప్పై ఒక్క ఏళ్లుగా మా రోట్లో దంచేది నేను, తిప్పేది నేను. ఆయన రోకలి ముట్టలేదు. మరి ఆ చెయ్యి ఎవరిది? విచారించాను. లారీ స్టేషన్ వెనక పూటకూళ్లు నడిపే పోకువాది! మగవాడు పరాయి ఆడదాని పెరట్లో ఫుఫు దంచితే దాన్ని ఉంచుకున్నాడనే మన అసాంటే వాళ్లు అంటారు, మీకు తెలియదా?

అఫ్రాకోమా

తా.క. మా రోకలి పొడవు ఆరడుగులు. ఆయనకు చెప్పండి.

---

మార్చి 16

అమ్మా, శాంతించండి.

ఆయన్ని నిలదీశాను. చేరిన రోజు మీ ఇద్దరి చేతా యంత్రం పిండించి పిడికిలి బలం చూశాం కదా. మీది ముప్పై నాలుగు కిలోలు, ఆయనది ఇరవై ఎనిమిది. అప్పట్నుంచి ఆయనకు నిద్ర లేదట. "మా ఆవిడను దాటాకే దాని రోలు దగ్గర నిలబడతా" అన్నారు. పోకువా అవ్వకు డెబ్బై ఆరేళ్లు. ఆయన రోకలి గురి తప్పినప్పుడల్లా నవ్వుతుందంతే. ఇప్పుడు ముప్పై మూడుకొచ్చారు. మంగళవారం ఇద్దరికీ మళ్లీ పరీక్ష. మీరు కొంచెం మెల్లగా పిండితే...

మీ నిమాకో

---

మార్చి 22

సిస్టర్‌కి,

క్షమించాలి. మెల్లగా పిండాలనే వచ్చాను. ఆ యంత్రం చేతికివ్వగానే పరాయి రోలు దగ్గర ఈయన చెమటోడ్చడం కళ్లముందు నిలిచింది. నలభై ఒకటి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆయన రెండు రోజులు ఏ రోకలీ ముట్టలేదు. నిన్న సాయంత్రం తనంతట తనే వచ్చి నా రోకలి తీశారు.

అఫ్రాకోమా

తా.క. అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకండి. తిప్పే చెయ్యి నాదే. ఆయన రోకలి గురి ఇంకా కుదరలేదు.