పడటం నేర్చిన బుడ్డోడు

నోవై,
జనవరి, 2010

ఒకే మ్యాట్ మీద నాతో పడి లేచిన సుధకి,

నువ్వుండే రెడ్‌మండ్ ఎంత దూరమని, ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మా టౌన్‌హౌస్‌లో వంటిల్లూ హాలూ ఒకటే గది. నేనిక్కడ గరిటె తిప్పుతూ మాట్లాడితే అక్కడ రఘువీర్ లాప్‌టాప్ మీంచి తలెత్తుతాడు. నేను చెప్పబోయేది ఆయన వినాల్సింది కాదు, కనీసం ఇప్పుడే కాదు. అందుకని కాగితం తీసుకున్నాను.

మా ప్రణీతకి తొమ్మిదేళ్లు నిండాయి. పుట్టినరోజుకి వాళ్ల నాన్న చేతిలో పట్టుకుని ఆడుకునే వీడియో గేమ్ కొనిచ్చాడు. వింత జంతువుల్ని పట్టి, పెంచి, ఒకదాని మీదికి ఒకదాన్ని పోటీకి దింపే ఆట. నిప్పు కక్కేవీ పిడుగులు కురిపించేవీ ఎన్నో ఉండగా మా పిల్ల ఒక గుడ్డు తెచ్చుకుంది. అది పిల్ల కావాలంటే ఆటలోని బొమ్మ నడుస్తూ ఉండాలట. మంచు వల్ల స్కూల్ మూసేసిన రోజు సోఫాలో బోర్లా పడుకుని ఆ బొమ్మని ఊరంతా తిప్పింది. చివరికి గుడ్డు పగిలి మోకాలెత్తు జీవి ఒకటి బయటికొచ్చింది. చేతులకి గుడ్డపీలికలు, ఒక వాచిన చెంప. దెబ్బలు తిన్నాకే పుట్టినట్టుంది. దానికి ‘బుడ్డోడు’ అని పేరు పెట్టింది. ఆ మాట నా దగ్గర నేర్చుకున్నదే.

బుడ్డోడికి ఒకటే గుణం. తనకంటే పెద్దవాటి మీదికే వెళ్తాడు. ఓడిపోతాడు, లేస్తాడు, మళ్లీ వెళ్తాడు. పెద్దయ్యాక ఏమవుతాడన్నది పెంచేవాళ్ల చేతిలో ఉంటుందట. కొట్టే బలం ఎక్కువైతే ఒక రూపం, కాచుకునే బలం ఎక్కువైతే ఇంకొకటి. రెండూ సమానమైతే మూడో రూపం, అది అరుదు. ప్రణీతకి ఆ మూడోదే కావాలి.

“అమ్మా, వీడు ఎప్పుడూ ఫాల్ అయిపోతాడు. వై?” అంది ఒకరోజు.

నేను పప్పు కడుగుతున్నాను. వెనక్కి తిరక్కుండానే, “ముందు పడటం నేర్చుకోవాలి. పడెయ్యడం తర్వాత” అన్నాను.

ఆ మాట నాది కాదని నీకు తెలుసు. మన మాస్టారిది. గుంటూరులో ఆ రేకుల షెడ్డులో ఎదుటివాళ్ల చొక్కా కూడా పట్టుకోనివ్వకుండా నెలల తరబడి మనల్ని ఒట్టిగా పడేలా చేసిన మనిషిది.

“నీకెలా తెలుసు?” అంది ప్రణీత. నేను పప్పు కుక్కర్లో పోశాను. ఈ ఇంట్లో నాకు జూడో వచ్చని ఎవరికీ తెలియదు. కాలేజీలో ఏవో ఆటలాడిందని రఘువీర్ అనుకుంటాడు. నీకు గుర్తుండే ఉంటుంది, పాటియాలాలో జాతీయ శిక్షణ క్యాంప్‌కి రమ్మని పిలుపొచ్చిన వారంలోనే పెళ్లిచూపులయ్యాయి. కణుపులు వాచిన నా వేళ్లు చూసి మా అత్తగారు, “అమ్మాయి చేతులేమిటి ఇలా ఉన్నాయి?” అని అడిగారు. మా అమ్మ తడుముకోకుండా, “రోజూ పిండి తనే రుబ్బుతుందండీ” అంది. ఆవిడ చాలా సంతోషించారు. నేను క్యాంప్‌కి వెళ్లలేదు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, బతిమాలనూ లేదు. పిండి రుబ్బే పిల్లగా పెళ్లి చేసుకున్నాను, అంతే. బాధగా ఉందా అని నువ్వు అప్పట్లో అడిగావు. ఏమో, అన్నాను. ఇప్పుడు అడిగితే ఉంది అంటాను.

ప్రణీత అలా అడిగిన మర్నాడు బేస్‌మెంట్‌లో పాత బొంతలు పరిచి దానికి పడటం చూపించాను. గడ్డం గుండెకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, అరచేత్తో నేలని చరిచి. నా ఒళ్లు ఏదీ మర్చిపోలేదు. పిల్ల నోరు తెరుచుకుని చూసింది. “డాడీకి చెప్పకు” అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు.

నీ ఉమ

*

నోవై,
ఫిబ్రవరి, 2010

సుధా,

నీ ఉత్తరం చేరింది. ‘చెప్పేయవే, అదేమన్నా దొంగతనమా’ అని రాశావు. చెప్పేదాన్నేమో. ఈలోగా ఇంకోటి జరిగింది.

రఘువీర్ మేనేజర్ రామమోహన్ గారని, తెలుగువాళ్లే, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటారు. మా గ్రీన్ కార్డ్ కాగితాలు ఆయన సంతకంతోనే కదలాలి. వాళ్లబ్బాయి రోహన్ పుట్టినరోజుకి వెళ్లాం. పిల్లలందరూ ఆ గేమ్‌లతో మేడమీద చేరారు. కాసేపటికి ప్రణీత దిగివచ్చి నా పక్కన నిలబడింది. ఏడవలేదు. “అమ్మా, బుడ్డోడు లేడు” అంది.

ఆ ఆటలో మనకి అక్కర్లేని జంతువుని వదిలేయడానికి ఒక బటన్ ఉందట. రోహన్ ప్రణీత చేతిలోంచి గేమ్ లాక్కుని, “సచ్ ఎ లూజర్” అంటూ బుడ్డోణ్ణి వదిలేశాడు. సేవ్ కూడా చేశాడు. ఇక బుడ్డోడు వెనక్కి రాడు. ఆ పిల్లాడు సుమారు నా చెవి వరకూ ఉంటాడు. ప్రణీత వాడి భుజానికి వస్తుంది.

నేను లేచాను. రఘువీర్ నా చెయ్యి పట్టుకున్నాడు. కారెక్కాక అన్నాడు:

“ఉమా, ప్లీజ్. ఇట్స్ జస్ట్ ఎ గేమ్. ఇంకోటి పట్టుకుంటుంది. ఇప్పుడు ఆయనతో ఇష్యూ చేస్తే మన ఫైల్ సంగతేంటి చెప్పు?”

రఘువీర్ తప్పు మాట్లాడలేదు. ఆయన వీసా అయిపోతే నాదీ పిల్లదీ కూడా అయిపోతాయి. కానీ వెనక సీట్లో పిల్ల వింటోంది. అద్దంలో దాని మొహం చూశాను. తనకి ఎవరూ లేరని అర్థమైన మొహం కాదు అది. ఎవరున్నారో లెక్క చూసుకుంటున్న మొహం. నన్ను చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను.

వారం రోజులు ప్రణీత ఆ గేమ్ ముట్టుకోలేదు. ఇంకో గుడ్డు తెచ్చుకోవచ్చు కదా అంటే, “వాడు వేరే బుడ్డోడు కదా” అంది.

సుధా, నీకొక్కదానికే చెబుతున్నాను. ఆ రోజు నుంచీ నేను దానికి నడుం మీదుగా విసిరే పట్టు నేర్పుతున్నాను. ఆటకి కాదు, ఒళ్లు గట్టిపడటానికీ కాదు. రోహన్‌ని పడెయ్యడానికి. ఎత్తు ఎక్కువున్నవాడే తేలిగ్గా పడతాడని చెప్పాను. కాలరు ఎక్కడ పట్టాలో, చొక్కా చెయ్యి ఎటు లాగాలో నా మీదే చేయించాను. బాగా నేర్చుకుంది. నన్నే ఎత్తి పడేసింది. ఉగాదికి అందరం మళ్లీ కలుస్తాం. వాడు ఊరుకోడు, అది నాకు తెలుసు. ఈసారి నేను ఎవర్నీ ఆపను. దీని వల్ల మా కాగితాలు ఆగితే ఆగనీ, తిరిగి వెళ్లాల్సివస్తే వెళ్తాం అని నిర్ణయించుకున్నాను. రఘువీర్‌కి చెప్పలేదు.

ఉమ

*

నోవై,
మార్చి, 2010

సుధా,

ఏమైందో వరసగా రాస్తాను.

నిన్న ఉగాది వేడుకకి ఇక్కడి తెలుగువాళ్లు ఒక స్కూల్ జిమ్ అద్దెకి తీసుకున్నారు. పచ్చడి అయింది, పంచాంగం అయింది, పులిహోర దగ్గర అందరం లైన్లో నిలబడ్డాం. ప్రణీత స్టేజి మెట్ల మీద కూర్చుని ఉంది. రోహన్ వచ్చి, “హే, వేర్ ఈజ్ యువర్ లూజర్?” అన్నాడు. అది లేచి, మెట్లు దిగి నిలబడింది. వాడు తోశాడు.

పడింది. గడ్డం గుండెకి ఆనింది, వీపు గుండ్రమైంది, అరచెయ్యి నేలని చరిచింది. ఆ చప్పుడుకి జిమ్ అంతా తిరిగి చూసింది. లేచింది. వాడి ఎదురుగా వెళ్లి నిలబడింది. వాడు మళ్లీ తోశాడు, ఈసారి కోపంగా. మళ్లీ పడి, మళ్లీ లేచి, వాడికి ఇంకా దగ్గరగా వచ్చింది. ఈసారి దాని చేతులు పైకి లేచాయి. ఒక చెయ్యి వాడి కాలరు మీద, ఒక చెయ్యి చొక్కా మోచేతి దగ్గర. నేను నేర్పినట్టే, వెంట్రుకవాసి తేడా లేదు. నడుం కూడా తిప్పింది. నా చేతిలో ప్లేటు ఉందన్న సంగతి మర్చిపోయాను. ‘పడెయ్యి’ అనుకున్నాను లోపల. తల్లి అనుకోవలసిన మాట కాదు. అయినా అనుకున్నాను.

అది వాణ్ణి అలా ఒక క్షణం పట్టుకుని, వదిలేసింది. నేరుగా నా దగ్గరికి వచ్చింది. రోహన్ ఎవరూ ముట్టుకోకుండానే ఏడుపు మొదలుపెట్టాడు. రామమోహన్ గారి భార్య వాణ్ణి దగ్గరికి తీసుకుని, “ఏం పిల్లమ్మా, అలా మీద మీదికి వస్తుందేంటి!” అంది అందరికీ వినబడేలా. మేం భోజనం చేయకుండానే బయల్దేరాం.

కారెక్కాం. సన్నగా మంచు పడుతోంది. నేనే అడిగాను.

“పట్టు దొరికింది కదే. ఎందుకు వదిలేశావు?”

“వాడికి ఫాల్ అవ్వడం రాదు కదా అమ్మా” అంది. “హెడ్ తగిలేది.”

సుధా, నేను దానికి ఎలా విసరాలో చెప్పాను, ఎప్పుడు విసరాలో చెప్పాను. ఎవర్ని విసరకూడదో చెప్పలేదు. పడటం రానివాణ్ణి పడెయ్యకూడదని మన మాస్టారు కూడా నోటితో చెప్పిన గుర్తు లేదు. అది తనంతట తనే తెలుసుకుంది. నా కోపమంతా తీసుకెళ్లి దాని చేతుల్లో పెట్టాను, అది దాన్ని ఎక్కడా తగలకుండా కింద పెట్టి వచ్చింది.

రఘువీర్ ఒక గ్యాస్ స్టేషన్ పక్కన కారు ఆపాడు. ఇంజన్ ఆపలేదు.

“ఆ పడటం... అది ఎవరు నేర్పారు?”

“నేనే.”

“నీకెలా వచ్చు?”

మొత్తం చెప్పాను. రేకుల షెడ్డు, రాష్ట్రస్థాయి పోటీలు, పాటియాలా పిలుపు. పిండి రుబ్బిన సంగతి కూడా. ప్రణీత ముందుకి వంగి రెండు సీట్ల మధ్యలోంచి తల పెట్టి వింది.

“ఇన్నేళ్లలో నాకొక్కసారి కూడా చెప్పలేదే” అన్నాడు.

“మీరు అడగలేదు.”

“అడగలేదు” అని ఒప్పుకున్నాడు. మళ్లీ కారు కదిలించాడు. క్షమాపణ చెప్పలేదు, మెచ్చుకోనూ లేదు. ఇంటికి వచ్చాక బేస్‌మెంట్‌లోకి వెళ్లి ఆ బొంతలు చూసి వచ్చాడు.

ఈ ఉదయం రామమోహన్ గారి ఫోన్ వచ్చింది. ఆదివారం కదా, నేను దోసెలు పోస్తున్నాను. అవతలి గొంతు నాకు వినిపించలేదు. మా రోహన్ భయపడిపోయాడనీ, పిల్లకి కాస్త చెప్పుకోమనీ అంటున్నట్టు రఘువీర్ జవాబుల్ని బట్టి అర్థమైంది. “అవునండీ... నిజమేనండీ...” అంటూ హాల్లో అటూ ఇటూ నడిచాడు. నేను స్టవ్ తగ్గించాను. ఆయన గొంతులోంచి ‘సారీ’ అన్న మాట వస్తుందని ఎదురుచూశాను. వస్తే ఏం చేయాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

రఘువీర్ నడవడం ఆపాడు. గొంతు సవరించుకున్నాడు.

“లేదండీ, మా పాప తప్పేం లేదు. అందరం చూశాం కదా” అన్నాడు. ఆ తర్వాత, అవతలివాళ్లు ఏమన్నారో గానీ, నా వైపు చూస్తూ ఇలా అన్నాడు: “ఒక పని చేయండి సార్. శనివారాలు రోహన్‌ని మా ఇంటికి పంపండి. మా ఆవిడ జూడో ప్లేయర్. వాడికి పడటం నేర్పుతుంది.”

ఉమ